లాకప్‌లో దొరికే హంతకుడు: 'మెమరీస్ ఆఫ్ మర్డర్' మీద కొన్ని ప్రశ్నలు

డిటెక్టివ్ సినిమా మనకు ఒక అలవాటు నేర్పింది. హత్య జరుగుతుంది. చంపిందెవరో తెలీదు. పోలీసు ఒకడు వస్తాడు, ఆధారాలు ఏరతాడు, చివరికి హంతకుడు దొరుకుతాడు. 'ఎవరు చంపారు?' అన్న ప్రశ్న ఒక చివర, దాని జవాబు ఇంకో చివర. ఈ రెండింటి మధ్యలో పోలీస్ స్టేషన్‌లో ఒక గది ఉంటుంది. ఆ గదిలోకి ఎవర్ని పట్టుకుపోతారు, అక్కడ వాళ్ళకేం జరుగుతుంది, బయటికొచ్చాక వాళ్ళేమైపోతారు అన్నవి ఈ రకం సినిమా అడగదు. అడిగితే కథ నడవదు. దక్షిణ కొరియా దర్శకుడు బాంగ్ జూన్-హో 2003లో తీసిన 'మెమరీస్ ఆఫ్ మర్డర్' ఆ గదిలో కెమెరా పెట్టింది. అందుకే దాన్ని గొప్ప సినిమా అన్నారు. నేనూ అంటాను. అయితే ఆ గదిలోంచి బయటికొచ్చేటప్పుడు కెమెరా ఎవరి వెంట నడిచింది అన్నదే ఈ వ్యాసంలో నా పేచీ.

కొరియా సినిమాతో మనకేం పని అని అడిగే మిత్రులుంటారు. మన విశ్వవిద్యాలయాల ఫిల్మ్ క్లబ్బుల్లో, కుర్రాళ్ళ ఫోన్లలో ఈ సినిమా తెగ తిరుగుతోంది. ఇదే దర్శకుడి 'పారసైట్‌'కి 2020లో ఆస్కార్ వచ్చాక మరీను. తెలుగులో క్రైం కథ రాసుకునే ప్రతివాడూ దీని పేరు చెప్తున్నాడు. పైగా అంటరానితనం మన ఒక్కరి ఆస్తేమీ కాదు. కొరియాలో పెక్‌జోంగ్ అని పశువుల్ని కోసే పని చేసేవాళ్ళని ఊరికి దూరంగా ఉంచారు. 1894లో చట్టం ప్రకారం ఆ హోదా పోయినా మనుషుల మధ్య పోలేదు. 1923లో వాళ్ళు హ్యాంగ్‌ప్యోంగ్సా అనే సంస్థ పెట్టుకుని పోరాడారు. ఈ సినిమాలో పోలీసుల చేతికి చిక్కినవాళ్ళు పెక్‌జోంగులని నేననటం లేదు. ఏ సమాజమైనా కొందరిని చూడగానే 'వీడే చేసుంటాడు' అనుకోవటానికి సిద్ధంగా ఉంటుందని మాత్రం అంటున్నాను. ఇక్కడ ఆ పని కులం చేస్తుంది. అక్కడ పేదరికం, చదువు లేకపోవటం, అవిటితనం చేశాయి.

కథ 1986లో మొదలవుతుంది. సోల్ నగరానికి దక్షిణాన వ్వాసోంగ్ అనే గ్రామీణ ప్రాంతం. పొలం గట్టు పక్కన కాలువ తూములో ఒక స్త్రీ శవం దొరుకుతుంది. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. పాక్ డూ-మాన్ అనే లోకల్ డిటెక్టివ్ (సాంగ్ కాంగ్-హో) కళ్ళలోకి చూసి నేరస్తుణ్ణి పట్టేస్తానంటాడు. అతని జోడీ చో, బూటుకి గుడ్డ తొడుగు వేసుకుని మరీ తంతాడు, మచ్చ పడకుండా. సోల్ నుంచి సో అనే చదువుకున్న డిటెక్టివ్ తనంతట తను కోరుకుని వస్తాడు. కాగితాలు అబద్ధం చెప్పవని అతని నమ్మకం. ఒకడిది నాటు పద్ధతి, ఇంకొకడిది శాస్త్రీయ పద్ధతి. చివరికి రెండూ ఓడిపోతాయి. సినిమా గురించి రాసినవాళ్ళు ఎక్కువమంది ఈ ఓటమి దగ్గరే ఆగారు. నియంతృత్వ పాలనలో ఉన్న దేశం, తన ఆడపిల్లల్ని కాపాడలేకపోయిన రాజ్యం అని రాశారు. అది నిజమే. వానరాత్రి హత్య జరగబోతోందని తెలిసి బలగాలు పంపమంటే, వాళ్ళంతా ఆందోళనకారుల్ని అణచటానికి పోయారని జవాబొస్తుంది. ఈ ఒక్క సన్నివేశంతో పోలీసు శాఖ ఎవరి కోసం పని చేస్తుందో తేల్చేశాడు దర్శకుడు. దీని మీద ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి నేను సాగదీయను.

నాకు కావలసింది పెక్ క్వాంగ్-హో అనే పాత్ర.

క్వాంగ్-హోకి బుద్ధి ఎదగలేదు. మొహం మీద, చేతుల మీద కాలిన మచ్చలు. తండ్రికి చిన్న మాంసం హోటలుంది. చనిపోయిన అమ్మాయి వెనకాల తిరిగేవాడని ఎవరో అన్నారు. అంతే, స్టేషన్‌కి లాక్కొచ్చారు. అతని బూటుతో శవం దొరికిన చోట అచ్చు వేసి, ఆ అచ్చునే ఆధారంగా ఫొటో తీస్తాడు డిటెక్టివ్ పాక్. తన్నులు తింటున్నవాడికి మధ్యలో కొత్త బూట్లు బహుమానంగా ఇస్తారు. పేరున్న కంపెనీవి కావు, ఆ పేరుని పోలిన నకిలీ సరుకు. ఆ పిచ్చివాడు సంతోషపడతాడు. తన్నినవాళ్ళతోనే కూర్చుని నూడుల్స్ తింటూ టీవీలో పోలీసు సీరియల్ చూస్తాడు. తర్వాత అడివిలోకి తీసుకెళ్ళి గొయ్యి తవ్విస్తారు. ఆ గొయ్యి తనకేనని అతనికి అర్థమవుతుంది. అప్పుడు నోరు విప్పుతాడు. హత్య ఎట్లా జరిగిందో పూసగుచ్చినట్టు చెప్తాడు. పోలీసులు రికార్డు చేసుకుని, ఒప్పుకున్నాడని పండగ చేసుకుంటారు.

అతను చెప్పింది ఒప్పుకోలు కాదు, సాక్ష్యం. చీకట్లో దాక్కుని హత్య చూసినవాడు తను చూసింది చెప్పాడు. ఊళ్ళో హంతకుణ్ణి కళ్ళతో చూసిన మనిషి ఇతనే కావచ్చు. కానీ పోలీసుల చెవికి అది సాక్ష్యంలాగా వినపడలేదు. ఎందుకని? అతని మాట సాక్ష్యంగా చెల్లాలంటే ముందు అతన్ని ఒక మనిషిగా, చూసి చెప్పగలిగినవాడిగా ఒప్పుకోవాలి. అట్లాంటివాడు స్టేషన్‌లో చెప్పగలిగేది ఒక్కటే, 'నేనే చేశాను' అని. దళితుల కేసులు చూసిన ఎవరికైనా ఇది కొత్త కాదు. ఫిర్యాదు ఇవ్వటానికి పోయినవాడి మీదే ఎదురు కేసు కట్టటం మనకి నిత్యం కనపడేదే. మనవాడు స్టేషన్ గడప తొక్కితే ముద్దాయిగానే లోపలికి పోతాడు, సాక్షిగా కాదు. బాంగ్ జూన్-హో కులం గురించి ఆలోచించి ఈ సన్నివేశం రాసి ఉండడు. అయినా మన అనుభవాన్ని ఇంత సూటిగా చూపించిన సీను భారతీయ పోలీసు సినిమాల్లో నాకు దొరకలేదు.

ఇక్కడిదాకా నాకు దర్శకుడితో తగువు లేదు. తగువు ఆ తన్నుల్ని చూపించిన తీరుతో. చో పరిగెత్తుకొచ్చి గాల్లోకి ఎగిరి తంతాడు. అనుమానితుడు కుర్చీతో సహా బోల్తాపడతాడు. ఇవన్నీ నవ్వు వచ్చేటట్టు తీశారు. మా హాస్టల్లో వేసినప్పుడు హాలంతా విరగబడి నవ్వింది. నా పక్కన కూర్చున్న ఎరుకల కుర్రాడు ఒకడు, అప్పుడే పీజీలో చేరినవాడు, నవ్వలేదు. వాళ్ళ తాతల్ని నేరస్త తెగల చట్టం కింద రాత్రిపూట హాజరు వేయించుకోవటానికి పిలిచేవాళ్ళు. స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు ఆ చట్టం పుణ్యమే. 1952లో చట్టం రద్దయింది గానీ హాజరు పట్టీ మాత్రం పోలీసోడి బుర్రలో ఉండిపోయింది. మా ఊళ్ళో కూడా పెద్దరైతు ఇంట్లో మోటారు పోతే జీపు ముందు మా పేటకే వచ్చేది. మోటారు తర్వాత ఎక్కడ దొరికిందన్నది ఎవరికీ అక్కర్లేదు. ఆ నవ్వు వెనక పోలీసుల మొరటుతనాన్ని వెక్కిరించే ఉద్దేశం ఉందనే అనుకుందాం. నవ్వగలిగేది ఎవరన్న ప్రశ్న అప్పుడూ ఉంటుంది. ఆ తన్ను తన ఇంట్లో ఎవరికీ తగలదన్న ధీమా ఉన్నవాడికే అది హాస్యం.

కథ సగం దాటాక సినిమా గొంతు మారుతుంది. నవ్వు పోయి దిగులొస్తుంది. క్వాంగ్-హోకి నిజం తెలుసని డిటెక్టివులకి ఆలస్యంగా తడుతుంది. మళ్ళీ అతని దగ్గరికి పరిగెడతారు. ఈసారి తన్నటానికి కాదు, ఫొటో చూపించి అడగటానికి. అతను మాత్రం వాళ్ళని చూడగానే భయపడి పారిపోతాడు. రైలు పట్టాల మీదికి పోయి చచ్చిపోతాడు. ఈ సీనుకి ప్రేక్షకుడు 'అయ్యో' అంటాడు. దేనికంటాడో గమనించండి. ఒక్కగానొక్క సాక్షి పోయాడని. కేసు చెడిపోయిందని. తర్వాత తండ్రి ఏమయ్యాడో, ఆ చావుకి పోలీసుల మీద కేసేదైనా అయిందో సినిమాకి పట్టదు. కెమెరా డిటెక్టివుల వెంటే పోతుంది. వాళ్ళ నిద్రలేమి, వాళ్ళ పశ్చాత్తాపం, వాళ్ళ ఓటమి. తన్నినవాడి కాలు తెగిపోతే దాని మీద దిగులుగా ఒక సీనుంది. తన్నులు తిన్నవాడి శవానికి అంత సమయం లేదు.

అంటే కొట్టటం తప్పు అని సినిమా చెప్తోంది గానీ ఎందుకు తప్పంటే దానివల్ల అసలు హంతకుడు దొరకలేదు కాబట్టి. కొడితే దొరికుంటే? ఈ ప్రశ్నకి సినిమా దగ్గర జవాబు లేదు. చివర్లో సొరంగం ముందు, వానలో, చదువుకున్న డిటెక్టివ్ సో కూడా చేతులు మెత్తగా ఉన్న ఆ ఫ్యాక్టరీ యువకుణ్ణి చావబాది తుపాకీ ఎత్తుతాడు. అమెరికా నుంచి వచ్చిన డీఎన్ఏ కాగితం అతనే అని చెప్పదు. ప్రేక్షకుడి మనసు మాత్రం కాల్చమనే అంటుంది. సినిమా మనల్ని ఆ స్థితికి తీసుకొచ్చి వదిలిపెడుతుంది. ఇది దర్శకుడి నేర్పే, ఒప్పుకుంటాను. ఈ నేర్పుకి మూల్యం ఎవరు చెల్లించారో తెలుసుకోవాలంటే సినిమా బయటికి రావాలి.

ఈ కథ కల్పన కాదు. 1986 నుంచి 1991 వరకూ వ్వాసోంగ్ ప్రాంతంలో పదిమంది స్త్రీలు, బాలికలు హత్యకి గురయ్యారు. పోలీసులు 20 వేల మందికి పైగా మగవాళ్ళని ప్రశ్నించారు. ఇందులో ఎనిమిదో హత్య 1988 సెప్టెంబరులో జరిగింది. పదమూడేళ్ళ పిల్లని ఆమె ఇంట్లోనే చంపారు. పది కేసుల్లో 'తేలిన' కేసు ఇదొక్కటే. 1989లో యూన్ అనే ఇరవై రెండేళ్ళ యువకుణ్ణి పట్టుకున్నారు. వ్యవసాయ యంత్రాలు బాగుచేసే షాపులో పనివాడు. ప్రాథమిక పాఠశాల చదువు కూడా పూర్తికాలేదు. చిన్నప్పుడు పోలియో వచ్చి కుంటుతూ నడుస్తాడు. మూడు రోజులు నిద్రపోనివ్వకుండా కొట్టారని అతను ఆనాటి నుంచీ చెప్తూనే ఉన్నాడు. గోడ దూకి ఇంట్లోకి పోయానని అతని ఒప్పుకోలులో రాసుంది. పోలియో కాలుతో గోడ ఎట్లా దూకాడని ఏ కోర్టూ గట్టిగా అడగలేదు. వెంట్రుక మీద చేసిన శాస్త్రీయ పరీక్ష అతనిదేనని తేల్చిందన్నారు. యావజ్జీవం పడింది. ఇరవై ఏళ్ళు జైల్లో ఉండి 2009లో పెరోలు మీద బయటికొచ్చాడు.

2019 సెప్టెంబరులో డీఎన్ఏ పరీక్షతో అసలు హంతకుడు లీ చున్-జే అని బయటపడింది. భార్య చెల్లెల్ని చంపిన కేసులో అతను 1994 నుంచీ జైల్లోనే ఉన్నాడు. ఎనిమిదోదాంతో సహా పద్నాలుగు హత్యలు చేశానని ఒప్పుకున్నాడు. అప్పట్లో ఇతన్ని కూడా పోలీసులు పిలిచి అడిగారు. రక్తం గ్రూపు కలవలేదని వదిలేశారు. 2020 డిసెంబరు 17న కోర్టు యూన్‌ని నిర్దోషి అని ప్రకటించింది. ఆనాటి శాస్త్రీయ పరీక్ష లెక్కలు నమ్మదగ్గవి కావని తేలింది. కాగితాలు అబద్ధం చెప్పవన్న డిటెక్టివ్ సో నమ్మకానికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు. కాగితాన్ని రాసే చెయ్యి ఉంటుంది.

ఇప్పుడు సినిమా తేదీ గుర్తు చేసుకోండి. 2003. ఆ ఏడు కొరియాలో లక్షలమంది థియేటర్లలో కూర్చుని, తన్ని ఒప్పించిన ఒప్పుకోలు ఎంత బూటకమో తెరమీద చూశారు. అదే సమయంలో అట్లాంటి ఒప్పుకోలు మీదే శిక్షపడ్డ మనిషి, అదే కేసుల వరసలో, జైల్లో పద్నాలుగో ఏడు గడుపుతున్నాడు. సినిమాలో ఎనిమిదో కేసు లేదు. తేలిపోయిన కేసు కాబట్టి మిస్టరీకి పనికిరాలేదు. దర్శకుడికి నిజం తెలియదు కదా అనొచ్చు. హంతకుడెవరో తెలియదు, ఒప్పుకుంటాను. కానీ పద్ధతి తెలుసు. ఆ స్టేషన్లలో ఒప్పుకోలు ఎట్లా తయారవుతుందో ఆయన సినిమా అంతా అదే చూపించాడు. తేలని కేసుల్లో బూటకమైన పద్ధతి తేలిన కేసులో మాత్రం నిజాయితీగా పని చేసి ఉంటుందా అన్న అనుమానం రావటానికి డీఎన్ఏ అక్కర్లేదు. ఆ అనుమానం రాలేదు. దర్శకుడు చెడ్డవాడని కాదు. 'ఎవరు చంపారు?' అన్న ప్రశ్నకి జవాబు దొరికిందనుకున్న చోట ఈ రకం సినిమాకి కుతూహలం చచ్చిపోతుంది, అందుకని.

మన దగ్గర దీనికి సరిగ్గా జతపడే కేసుంది. 2007 డిసెంబరులో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ఒక ప్రైవేటు హాస్టల్లో బి.ఫార్మసీ చదివే ముస్లిం అమ్మాయిని చంపారు. 2008లో పోలీసులు నందిగామ ప్రాంతపు దళిత యువకుణ్ణి ఒకణ్ణి పట్టుకుని, చిల్లర దొంగ అని చెప్పి, ఇతనే హంతకుడన్నారు. జైల్లో ఉండగానే నరాల జబ్బుతో అతని కాళ్ళు పడిపోయాయి. 2010లో విజయవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని వదిలేసింది. దాదాపు ఎనిమిదేళ్ళు పోయాయి. 2018లో హైకోర్టు కేసుని సీబీఐకి అప్పగించింది. ఇందులో మనం మర్చిపోకూడని సంగతి ఒకటుంది. ఇతను కాదు, అసలువాళ్ళని పట్టుకోండి అని మొదట్నుంచీ గట్టిగా అన్నది చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులే. చనిపోయిన పిల్ల తల్లి, ముద్దాయి తల్లి ఒకే న్యాయం అడిగారు. 'ఆడపిల్ల చచ్చిపోతే మీరు నిందితుడి వైపు మాట్లాడతారా' అని మన మీద వేసే నిందకి ఆ తల్లే జవాబు. తప్పు మనిషిని జైల్లో పెట్టటమంటే ఆ పిల్లకి రెండోసారి అన్యాయం చెయ్యటం. బాంగ్ సినిమాలో చనిపోయిన స్త్రీలకి ముఖాలు దొరికాయి గానీ ఇళ్ళు, తల్లులు దాదాపు దొరకలేదు. దొరికి ఉంటే ఈ మాట అక్కడ కూడా వినపడేదేమో.

చట్టం తెలిసినవాళ్ళు ఒక సంగతి గుర్తు చేస్తారు. మన దేశంలో పోలీసుల ముందు ఒప్పుకుంటే చెల్లదు. 1872 సాక్ష్య చట్టంలో 25, 26 సెక్షన్లు అదే చెప్పాయి. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ ఆ రక్షణ ఉంది. కానీ పక్కనే 27వ సెక్షన్ ఉండేది, దాని సారం కూడా కొత్త చట్టంలోకి వచ్చింది. ముద్దాయి చెప్పిన మాటవల్ల వస్తువేదైనా దొరికితే ఆ మేరకు మాట చెల్లుతుంది. దాంతో స్టేషన్లో పని మారింది. ఒప్పించటంతో పాటు 'దొరికించటం' కూడా చెయ్యాలి. పంచనామా రాయాలి, పంచాయతీదారులు సంతకాలు పెట్టాలి. క్వాంగ్-హో బూటు అచ్చు మన భాషలో రికవరీ. డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు అరెస్టు నియమాలు చెప్పి ఇన్నేళ్ళయింది. ఆ నియమాల బోర్డు స్టేషన్ గోడకి వేలాడుతూనే ఉంటుంది.

మన తెలుగు థ్రిల్లర్ల సంగతి చెప్పాలంటే సిగ్గేస్తుంది. 2018 నాటి తమిళ 'రాట్ససన్‌'ని 2019లో 'రాక్షసుడు' పేరుతో తీశారు. పట్టుగా ఉంటుంది, కాదనను. అందులో హంతకుడు పుట్టుకతో వచ్చిన జబ్బువల్ల వికారంగా కనపడేవాడు, అందరూ ఎగతాళి చేసినవాడు. పేరు క్రిస్టఫర్. అవిటి శరీరం, మైనారిటీ పేరు, అవమానపడిన బాల్యం, ఈ మూడూ కలిపి రాక్షసుడు. బాంగ్ సినిమా దీనికి సరిగ్గా ఎదురు చెప్పింది. మొదట్లోనే పై అధికారి పాక్‌ని పరీక్షిస్తాడు. స్టేషన్లో కూర్చున్న ఇద్దరిలో ఒకడు అత్యాచారం చేసినవాడు, ఇంకొకడు బాధితురాలి అన్న, ఎవరెవరో చెప్పమంటాడు. సినిమా జవాబు చెప్పదు. మొహం చూసి నేరం చదవటం కుదరదని ఆ ఒక్క సీను చెప్పేసింది. అందుకే ఇన్ని పేచీలున్నా మనవాళ్ళు చూడాల్సిన సినిమా ఇదేనంటాను. తెలుగులో దీన్నుంచి నేర్చుకున్నామనేవాళ్ళు నేర్చుకుంది వాన, చీకటి, పొలం గట్టు. ఈ పరీక్ష సీను కాదు.

ఇంకో తేడా కూడా చెప్పాలి. కారంచేడు, చుండూరులకి డిటెక్టివ్ అక్కర్లేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని పట్టపగలు వెంటాడి చంపారు. చంపింది ఎవరో తప్పించుకుని బతికినవాళ్ళు పేర్లతో సహా చెప్పారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. అంటే హంతకుడు ఎవరో తెలియని కేసులో మనవాడు హంతకుడవుతాడు. హంతకుడెవరో మనవాళ్ళే వేలెత్తి చూపిన కేసులో హంతకుడే లేకుండా పోతాడు. ఈ రెండోదాని మీద థ్రిల్లర్ తియ్యటం కుదరదు, సస్పెన్స్ ఎక్కడుందని అడుగుతారు.

సినిమా చివర 2003లో పాక్ పోలీసు ఉద్యోగం వదిలి జ్యూసర్ మిషన్లు అమ్ముకుంటుంటాడు. పాత తూము దగ్గర ఆగితే ఒక చిన్నపిల్ల, ఇంకెవరో కూడా ఇట్లాగే వచ్చి చూసి వెళ్ళారని చెప్తుంది. ఎట్లా ఉన్నాడంటే మామూలు మొహం అంటుంది. పాక్ తిరిగి సూటిగా కెమెరాలోకి చూస్తాడు. హంతకుడు హాల్లో కూర్చుని ఉంటే అతని కళ్ళలోకి చూడాలనే ఆ షాటు పెట్టానని దర్శకుడు చెప్పుకున్నాడు. హంతకుడు అప్పుడు హాల్లో లేడు, జైల్లో ఉన్నాడు. తర్వాత జైల్లోనే సినిమా చూసి, ఏమీ అనిపించలేదన్నాడు. యూన్ కూడా ఆ ఏడు జైల్లోనే ఉన్నాడు. ఆ చూపు అతని కోసం పెట్టింది కాదు. ఈ సినిమాని క్లాసులో వేసే అధ్యాపక మిత్రులకి ఒక సూచన. ఆ షాటు దగ్గర దీపాలు వేసి చర్చ మొదలుపెట్టకండి. క్వాంగ్-హో అడివిలో గొయ్యి తవ్వుతూ మాట్లాడే చోట ఆపండి. అతను చెప్తోంది ఒప్పుకోలా, సాక్ష్యమా అని పిల్లల్ని అడగండి. తర్వాత ఎనిమిదో కేసు సంగతి, మన ఇబ్రహీంపట్నం కేసులో హైకోర్టు 2017లో ఇచ్చిన తీర్పు పక్కపక్కన పెట్టి చదివించండి.